కలుపు నాట్లు

ఆ రోజు ఉదయం కోడలు మామగారికి అప్పగించిన పని ఒక్కటే. ఏ పనీ చేయకుండా కూర్చోవడం.

"మామయ్యా, ఫ్లాస్కులో టీ పోసి పెట్టాను. పేపరు బల్లమీద ఉంది. నేను రైల్వే స్టేషనుకెళ్ళి పెద్దాఫీసరుగారిని తీసుకొస్తాను. మధ్యాహ్నానికల్లా వచ్చేస్తాం. ఈ ఒక్క పూట మీరు కాస్త స్థిమితంగా కూర్చోండి, మీకు పుణ్యముంటుంది," అంది చెప్పులు వేసుకుంటూ.

"నేనెప్పుడు స్థిమితంగా లేనమ్మాయ్?"

కోడలు చెప్పుల పట్టీ బిగించుకుంది. చెప్పాలంటే చాలానే ఉంది. మోకాళ్ళ నొప్పులని పొలం కౌలుకిచ్చేసి మామగారు వాళ్ళ ఇంటికి వచ్చి నెల తిరగలేదు. అప్పుడే ఆయన కారని కుళాయిని విప్పి, కారేలా బిగించాడు. కిర్రుమంటోందని తలుపు మడతబందుల్లో నూనె పోస్తే, ఇప్పుడది ఎవరూ ముట్టుకోకపోయినా తెరుచుకుంటోంది. గోడగడియారం ఆలస్యంగా నడుస్తోందని సరిచేశాక అది నడవడమే మానుకుంది. పట్నంలో ఉద్యోగం చేస్తూ ఆదివారాలు మాత్రమే ఇంటికొచ్చే కొడుక్కి ఇవేవీ తెలియవు. తెలిసిన కోడలు మాత్రం పంటి బిగువున నవ్వుతూ నెట్టుకొస్తోంది.

ఆ నవ్వు కూడా ఈ మధ్య సన్నబడింది. ఆమె పంటల పరిశోధన క్షేత్రంలో చిన్న అధికారి. ఉద్యోగం పర్మనెంటు కాదు. ఈ పెద్దాఫీసరు వచ్చి, పొలం చూసి వెళ్ళాక అది ఉంటుందో ఊడుతుందో తేలిపోతుంది. ఉద్యోగం ఊడితే పొలం గట్టునే ఉన్న ఈ క్వార్టరూ ఊడుతుంది. రాత్రి కంచం ముందు కూర్చుని ఆమె అన్నం కెలుకుతూ ఉండిపోవడం మామగారు చూశాడు. ఆయనకు కోడలంటే ప్రాణం. ఆ సంగతి చేతలతో చూపించబోయిన ప్రతిసారీ ఇంట్లో ఏదో ఒకటి పాడవుతోంది, అంతే.

జీపు వెళ్ళిపోయింది. మామగారు కుర్చీలో కూర్చున్నాడు. టీ తాగాడు. పేపరు ముందునుంచి వెనక్కి, వెనకనుంచి ముందుకి తిరగేశాడు. కాళ్ళు ఊపాడు. అప్పుడు కిటికీలోంచి బయటికి చూశాడు. కుర్చీ సరిగ్గా ఆ కిటికీ ముందు వేయడమే కోడలు చేసిన పొరపాటు.

బయట మోకాలెత్తు మొక్కజొన్న. చేనంతా చిన్న చిన్న మడులుగా విడగొట్టి, ఒక్కో మడి ముందు నంబరు వేసిన చెక్కముక్క పాతారు. ఒక మడిలో నేల దువ్విన తలలా శుభ్రంగా ఉంది. ఇంకోదానిలో సాళ్ళ మధ్య ఎండుగడ్డి కప్పి ఉంది. కిటికీకి ఎదురుగా ఉన్న మడి చూసేసరికి మాత్రం మామగారికి తాగిన టీ గొంతుకి ఎగదన్నింది. గడ్డి, తుంగ, అడవి తోటకూర, పావలికూర అన్నీ కలిసి అక్కడ సంత పెట్టుకున్నాయి. వాటి మధ్య మొక్కజొన్న పాలిపోయి, గుంపులో తప్పిపోయిన పిల్లల్లా మెడలు సాచి చూస్తోంది.

"ఎగ్గొట్టారు," అన్నాడు మామగారు పైకే. "అమ్మాయి మెత్తగా ఉంటుందని పనివాళ్ళు ఈ మడి ఎగ్గొట్టారు."

నాకెందుకులే అనుకున్నాడు. ఇంకో కప్పు టీ పోసుకున్నాడు. కుర్చీ గోడవైపు తిప్పుకున్నాడు. వీపు వెనక కలుపు పెరుగుతున్న చప్పుడు వినిపిస్తున్నట్టే ఉంది. పెద్దాఫీసరు జీపు ఆగేది సరిగ్గా ఆ మడి ముందే. దిగీ దిగగానే ఆయన కళ్ళబడేది అదే. 'ఇదేనా మీరు చేసే వ్యవసాయం?' అంటాడు. కోడలు తల దించుకుంటుంది. పంటకు వేసిన ఎరువంతా కలుపు మెక్కుతుంటే చూస్తూ కూర్చున్న మామగారొకడు ఇంట్లో ఉన్నాడని కూడా ఎవరో చెవిన వేస్తారు.

ఇంక ఆయన వల్ల కాలేదు. తలుపు వెనక చిన్న కొడవలి ఉంది. తలుపు ఎలాగూ దానంతట అదే తెరుచుకుంది.

మోకాళ్ళ నొప్పులు ఏ మూలకు పోయాయో తెలియదు. మామగారు మడిలో దిగాక సాలు వెంబడి సాలు దూసుకుపోయాడు. తుంగను గడ్డలతో సహా తవ్వి తీశాడు. గడ్డిని దుబ్బులకు దుబ్బులే లేపాడు. నెల రోజులుగా ఉపవాసమున్న చేతులకు విందు దొరికినట్టయింది. పీకిన కలుపంతా మోపుగా ఎత్తి కంచె అవతలికి విసిరాడు. అక్కడ పక్క చేను ఆసామి మేకలు దాన్ని ఆనందంగా అందుకున్నాయి.

పని పూర్తిచేసి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి చూసుకుంటే, ఆ మడి పెళ్ళికి తయారైన పిల్లలా ఉంది. కోడలు వచ్చి ఇది చూడగానే కుళాయి సంగతి మరిచిపోతుందనుకున్నాడు.

అప్పుడే కావలి మనిషి వచ్చాడు. అతన్ని అందరూ నిదానం అనే పిలుస్తారు. పిలుపు అందుకుని అతను తల తిప్పేలోగా పిలిచినవాళ్ళు ఆ పని తామే చేసుకుని వెళ్ళిపోతుంటారు. నిదానం మడిని చూశాడు. చెక్కముక్క మీది నంబరు చూశాడు. మళ్ళీ మడిని చూశాడు.

"పెద్దాయనా, ఇక్కడ కలుపుండాలే?"

"ఉండేది. నీలాంటివాళ్ళు కాపలా ఉంటే ఉండక ఎక్కడికి పోతుంది? మొత్తం పీకేశాను."

నిదానం పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి చటుక్కున ఒక పని చేశాడు. గట్టుమీద కూలబడ్డాడు.

"అది పెంచుతున్న కలుపండీ!"

"ఏంటీ?"

"కావాలని పెంచుతున్నారండీ. ఒక మడిలో చేత్తో తీయిస్తారు. ఒకదాంట్లో కలుపు మందు కొడతారు. ఒకదాంట్లో గడ్డి కప్పుతారు. ఈ రకం మడి మాత్రం నాటినకాడ్నుంచి కోసేదాకా ఎవరూ ముట్టుకోకూడదు. కోతయ్యాక అన్నీ తూచి, కలుపు తీయకపోతే పంట ఎంత దెబ్బతింటదో చూస్తారు."

"ఎంత దెబ్బతింటుందో నన్నడిగితే చెప్పేవాణ్ణి కదయ్యా!"

"మీరు చెప్తే మీ ఊళ్ళో నమ్ముతారండీ. అన్ని ఊళ్ళూ నమ్మాలంటే తూకమే చెప్పాలి."

 తన మాట తన ఊళ్ళో కూడా ఎంతమంది నమ్మేవారో మామగారికి తెలుసు. గొంతు తగ్గించి అడిగాడు. "అయితే ఇప్పుడు ఈ మడి లేకపోతే?"

"దేంతో పోల్చాలండీ? పోల్చేది లేకపోతే ప్రయోగమేముంది? ప్రయోగం లేకపోతే మేడంగారి ఉద్యోగం..." నిదానం మాట పూర్తిచేయకుండా చెయ్యి గాల్లోకి విదిలించాడు. 

"పోన్లెండి, మేడంగారికి ఫోన్ చేసి చెప్పేద్దాం. ఆవిడే ఏదో ఒకటి..."

"నోరు మూసుకో! కుళాయి సంగతే ఇంకా చల్లారలేదు. గడియారం సంగతి అసలు ఎత్తనే లేదు. ఇప్పుడు ఫోన్ చేసి, అమ్మాయ్, నీ ఉద్యోగం కూడా బాగుచేశానని చెప్పమంటావా?"

"మరేం చేద్దామండీ?"

"పీకిన చేత్తోనే నాటేద్దాం. పద, ఆ కలుపు తెద్దాం."

ఇద్దరూ కంచె దగ్గరికి పరుగెత్తారు. అంటే మామగారు పరుగెత్తాడు, నిదానం ఆ దిశగా బయల్దేరాడు. కంచె అవతల మేకలు పడుకుని, అర్ధనిమీలిత నేత్రాలతో నెమరు వేస్తున్నాయి. ఒక మేక మూతి పక్కన పావలికూర కొస ఇంకా వేలాడుతోంది. మామగారు దానివైపు ఆశగా చూశాడు. మేక ఆ కొసను కూడా లోపలికి లాక్కుంది.

పక్క చేలో ఆసామి గట్టు చెక్కుకుంటున్నాడు. అతని చేలో కలుపు ఏ మాత్రం తక్కువ లేదు. ఎవరూ అడగని, ఎవరికీ అక్కర్లేని కలుపు. మామగారికి ప్రాణం లేచొచ్చింది.

"తమ్ముడూ! కాస్త కలుపుంటే ఇస్తావా?"

ఆసామి పార ఆపాడు. "ఏం కావాలన్నావ్?"

"కలుపు. గడ్డైనా సరే, తుంగైనా సరే. వేళ్ళతో సహా కావాలి."

"నా చేలో కలుపుందని నీకెవరు చెప్పారు?"

"ఒకళ్ళు చెప్పడమెందుకు, ఇక్కణ్ణుంచే కనబడుతోందిగా."

మాట నోరు జారాక మామగారికి తెలిసింది. ముప్పయ్యేళ్ళు సేద్యం చేసిన మనిషికి ఆ మాత్రం తెలియాలి. వయసు ఎంతని ఆడవాళ్ళనీ, కలుపు ఎంతని రైతునీ అడగకూడదు. ఆసామికి అరికాలి మంట నెత్తికెక్కింది.

"పెద్దవాడివని ఊరుకుంటున్నా. పొద్దున్నే వచ్చి నలుగురూ తిరిగే దారిలో నిలబడి నా చేను మీద ఎగతాళా? ఏరితే ఒక్క మొక్క దొరకదు నా చేలో!"

"అయ్యో, ఎగతాళి కాదు తమ్ముడూ..."

సర్దిచెప్పాలని నిదానం ఆయాసంతో అడ్డొచ్చాడు. అదింకో తప్పయింది. "ఎగతాళి కాదండీ. ఆఫీసుకి కావాలి. పెద్దాఫీసరుగారు దానికోసమే వస్తున్నారు."

ఆసామి కోపం ఆగిపోయి, దాని జాగాలో ఇంకేదో మెరిసింది. అతను వంగి, కాలికింది కలుపుమొక్క ఒకటి కొత్తగా చూశాడు. వాసన చూశాడు.

"పెద్దాఫీసరు దీనికోసం వస్తున్నాడా? దీంట్లో ఏముంది?"

"ఏమీ లేదయ్యా!"

"ఏమీ లేనిదానికి ముసలాయన్ని పరుగులు పెట్టిస్తారా? వేళ్ళతో సహా కావాలంటారా? నాకు తెలియదనుకుంటున్నారేమో. మందులోకేనా?"

"నీకు దణ్ణం పెడతా, ఒక్క మోపు..."

"ఒక్క పరక కూడా ఇవ్వను. ముందు దాంట్లో ఏముందో చెప్పండి." ఆసామి పార పక్కన పడేసి కర్ర అందుకున్నాడు. మేకల్ని తోలుకుపోయి రాటకు కట్టేశాడు. ఇంటివైపు తిరిగి కేకేశాడు. "ఏమేవ్! ఇవాళ కలుపు తీసేవాళ్ళని రావద్దని చెప్పు! రేపు కూడా వద్దను!" ఆ పైన తన కలుపు చుట్టూ పహరా తిరగడం మొదలుపెట్టాడు.

ఎండ ముదురుతోంది. మామగారు నిదానాన్ని నీళ్ళు తెమ్మని పంపి, తాను చేను వెంబడి ముందుకీ వెనక్కీ తిరగసాగాడు. రోడ్డుమీద ఏ బండి చప్పుడైనా ఆగి గేటువైపు చూస్తున్నాడు. అలా తిరుగుతూ తిరుగుతూ పంపు షెడ్డు వెనక్కి వెళ్ళినవాడు టక్కున ఆగిపోయాడు.

షెడ్డు వెనక కూడా మొక్కజొన్న మడులే. మూడు వరుసలు. ఒక్కో వరుసలో ఎక్కడో ఒకచోట ఒక్క మడి నిండా కలుపు. మొదటి వరుసలో ఈ చివర, రెండోదానిలో నడిమధ్య, మూడోదానిలో ఆ చివర.

"చూశావా దొంగ వెధవలు!" అన్నాడు మామగారు, పక్కన ఎవరూ లేకపోయినా. "ఒకేచోట వదిలేస్తే పట్టుబడతామని వరుసకొకటి ఎగ్గొట్టారు. అదీ షెడ్డు చాటున!"

ఇంటి ముందున్నది కావాలని పెంచిన కలుపు. ఇక్కడున్నది పనివాళ్ళు ఎగ్గొట్టిన కలుపు. ఈ తేడా ఆయనకు అరచేతిలో గీతలా స్పష్టంగా కనబడింది. ఇక్కడ పీకి అక్కడ నాటితే అక్కడ ఉండాల్సిన కలుపు ఉంటుంది, ఇక్కడ ఉండకూడని కలుపు పోతుంది. ఒక్క దెబ్బతో రెండు మంచిపనులు. ఆయన పంచె ఎగ్గట్టి కొడవలి అందుకున్నాడు.

నిదానం రెండు బిందెలతో నీళ్ళు తెచ్చేసరికి ఇంటి ముందు మడిలో సగం నాట్లు అయిపోయాయి. మామగారు వంగి, గుంట తీసి, గడ్డిదుబ్బు పెట్టి, బొటనవేలితో మట్టి అదిమి, ఇంకో గుంట తీస్తున్నాడు. పంట నాటేవాడి శ్రద్ధ ఎక్కడికి పోతుంది? తుంగ కూడా తాడు పట్టినట్టు వరసలో ఉంది.

"దొరికిందాండీ! ఆసామి ఇచ్చాడా?" అన్నాడు నిదానం సంబరంగా.

"వాడెందుకిస్తాడు? మనదే బోలెడుంటే. షెడ్డు వెనక మీ పనివాళ్ళ నిర్వాకం చూశాలే. మూడు మడులూ శుభ్రం చేసి పారేశాను."

నిదానం చేతిలో బిందె జారి కాలిమీద పడింది. అతనికి నొప్పి తెలియలేదు.

"అవి కూడా అవేనండీ!"

"అవి అంటే?"

"ప్రతి రకం మడీ నాలుగుచోట్ల పెడతారండీ. వరుసకొకటి. చేలో ఒకచోట నేల బాగుంటుంది, ఒకచోట చౌడుంటుంది, అందుకని కలబోసి పెడతారు. ముట్టుకోకూడనివి నాలుగు. నాలుగూ..." నిదానం నాలుగువేళ్ళు చూపించి, ఒక్కొక్కటే ముడిచాడు.

మామగారు కొడవలి కింద పెట్టాడు. ఒక మడి కప్పెట్టబోయి మూడు తవ్వుకున్నాడు. ఇప్పుడు చేలో మొత్తం కలుపున్నది ఈ ఒక్క మడిలోనే. అదీ తాను నాటింది.

"అయితే పంచుదాం," అన్నాడు తట్ట అందుకుంటూ. "ఉన్న కలుపే నాలుగిటికీ సమానంగా పంచుదాం. పలచగా ఉంటే ఉండనీ. కలుపంటూ ఉందిగా!"

ఆ తర్వాత జరిగినదాన్ని వ్యవసాయం అనడానికి లేదు. మామగారు నాటినదాన్ని మళ్ళీ పీకాడు. తట్టలో వేసుకుని షెడ్డు వెనక్కి పరుగెత్తాడు. అక్కడ పీకినదాన్ని అక్కడే నాటాడు. ఎక్కువైందని మళ్ళీ ఇటు తెచ్చాడు. నిదానం వెనకాలే బిందెతో తిరుగుతూ, ఏది నాటారో ఏది పీకారో తెలియక నడిచే దారికి కూడా నీళ్ళు పోశాడు. నడినెత్తిన సూర్యుడు. రెండుసార్లు పీకి రెండుసార్లు నాటిన కలుపు ఎన్ని నీళ్ళు తాగినా తలెత్తలేదు. తోటకూర మెడ వాల్చింది. గడ్డి నేలకు అంటుకుపోయింది. జీవితమంతా కలుపు చావాలని కోరుకున్న మామగారు మోకాళ్ళమీద కూర్చుని, ఒక తుంగమొక్క గడ్డం పట్టుకుని బతిమాలుతున్నాడు.

"లేమ్మా, ఒక్క గంట నిలబడు, నీ రుణం ఉంచుకోను."

గేటు దగ్గర హారన్ మోగింది.

పెద్దాఫీసరు పొడుగాటి మనిషి. కాలు ఒకచోట నిలవదు. ప్రశ్న తానే అడిగి జవాబు తానే చెప్పుకుని, ఎదుటివాళ్ళను మెచ్చుకోవడమో తిట్టడమో కూడా తానే పూర్తిచేస్తాడు. జీపు పూర్తిగా ఆగకముందే దూకి చేలో పడ్డాడు. వెనకాల కోడలు పరుగులాంటి నడకతో వస్తోంది.

"ఇది చేత్తో తీసినది కదూ? అవును. బాగుంది. ఇది గడ్డి కప్పినది. తేమ నిలిచింది కదూ? నిలిచింది. ఇది..."

ఆయన ఆగిపోయాడు. కోడలూ ఆగిపోయింది. ఎదురుగా మడిలో మొక్కజొన్న నిటారుగా ఉంది. కలుపు మాత్రం ఎక్కడిదక్కడ వాడి, సొమ్మసిల్లి, వరసల్లో పడి ఉంది.

"సార్, అది..." అంది కోడలు.

"ఉండండి. ఇది మందు కొట్టినది కదూ? అవును." పెద్దాఫీసరు వంగి ఒక గడ్డిదుబ్బు పట్టుకున్నాడు. లాగనక్కర్లేకుండానే అది చేతిలోకి వచ్చింది. "వేళ్ళతో సహా వచ్చేసింది! చూశారా? నేను ఇన్నేళ్ళలో ఎన్ని కలుపు మందులు చూశానో! ఆకు మాడ్చేవే గానీ వేరు వదిలించేదాన్ని చూడలేదు. పంటకి మచ్చ పడిందా? పడలేదు. నేల గుల్లబారిందా? బారింది! మిగతా మూడూ చూపించండి."

"సార్, ఒక్క నిమిషం, అసలు ఆ మడి..."

ఆయన అప్పటికే షెడ్డు వెనక ఉన్నాడు. అక్కడినుంచి ఆయన కేక వినిపించింది. "నాలుగుచోట్లా ఒకటే ఫలితం! నేల తేడా కూడా లేదు!"

కోడలు మడివైపు చూసింది. నిదానం వైపు చూసింది. అతను ఆకాశంలో ఏదో వెతుక్కుంటున్నాడు. ఆ తర్వాత మామగారి వైపు చూసింది. మోచేతులదాకా మట్టి, గోళ్ళనిండా మట్టి, మీసంలో గడ్డిపరక. 

"ఎప్పుడు కొట్టారయ్యా ఈ మందు?" అని పెద్దాఫీసరు తిరిగొస్తూ నిదానాన్ని అడిగాడు.

"పొద్దున్నే... నండీ," అన్నాడు నిదానం, అడిగినదాంట్లో తనకు తెలిసింది ఒక్క పొద్దునే కనక.

"పొద్దున కొడితే మధ్యాహ్నానికా! అమ్మా, మీరు చాలా లోతైన మనిషి. ఇంత పని చేసి దారిపొడుగునా ఒక్క ముక్క చెప్పలేదు!"

కంచె మీదినుంచి ఆసామి తల లేచింది. కర్ర ఇంకా చేతిలోనే ఉంది. "సార్, మరి పొద్దున వీళ్ళు నా కలుపెందుకు అడిగారండీ?"

"ఎందుకా? మీ చేలో కూడా ఈ మందు పరీక్షించడానికే అయ్యుంటుంది."

"ఆఁ, అలా చెప్పరేం! అయితే ఇంక కూలీల్ని పిలవను. మీ మందొచ్చేదాకా కలుపు ముట్టుకోను."

"భేష్. చుట్టుపక్కల అందరికీ చెప్పండి. ఈ పంటకి ఎవరూ కలుపు తీయనక్కర్లేదు."

 కోడలి ఉద్యోగం నిలబడిపోయింది. మామగారు నోరు మెదపకపోతే చాలు. పెద్దాఫీసరు ముఖం చూస్తే ఇప్పుడే ఆమెకు పెద్ద పదవి ఇచ్చేలా ఉన్నాడు. మెదపకుండా ఉండడానికే ప్రయత్నించాడు. పెదవులు రెండూ పళ్ళకింద పెట్టుకున్నాడు. కానీ కళ్ళముందు ఆసామి చేను కనిపించింది. దాని పక్క చేను, ఆ పక్క చేను, అన్నిట్లోనూ నడుమెత్తు కలుపు. గట్లమీద రైతులు చేతులు కట్టుకుని, లేని మందుకోసం ఎదురుచూస్తూ కూర్చున్నారు. ఆ దృశ్యం ఆయన ఒక్క క్షణం కంటే ఎక్కువ చూడలేకపోయాడు.

"ఆ మందు నేనేనండీ," అన్నాడు.

ఎవరికీ అర్థం కాలేదు. మామగారు మట్టిచేతులు రెండూ ముందుకు చాపాడు. "నేనే పీకాను. మేకలు తిన్నాయి. అక్కడ పీకి ఇక్కడ నాటాను. ఇక్కడ పీకి అక్కడ నాటాను. అది చచ్చింది మందుకి కాదు సార్, అటూ ఇటూ తిప్పిన తిప్పటకి. మా అమ్మాయికి ఇందులో ఏ పాపమూ తెలియదు. అనేదేదో నన్ననండి. తమ్ముడూ, నువ్వెళ్ళి కూలీల్ని పిలుచుకో, నీ చేను మునిగిపోతుంది."

ఆసామి తల కంచె వెనక మెల్లగా దిగిపోయింది. పెద్దాఫీసరు చేతిలోని గడ్డిదుబ్బును చూసుకున్నాడు. గట్టుమీద కూర్చున్నాడు. 

కోడలు మామగారి వైపు తిరిగింది. కోపమో ఏడుపో ఆమెకే తెలిసినట్టు లేదు. "మామయ్యా, మొదటి మడి పోగానే నాకొక్క ఫోన్ చేయకూడదా? ఒకటి పోతే ఏమీ కాదు. పశువులు పడతాయి, వాన కొట్టుకుపోతుంది, ప్రతి పంటకీ ఎక్కడో ఒకటి పోతూనే ఉంటుంది. మిగతా మూడిట్నిబట్టి సరిపెట్టుకుంటాం. నాలుగేసి పెట్టుకునేదే అందుకు!"

"ఒకటి పోతే ఏమీ కాదా?"

"ఏమీ కాదు."

"నాలుగు పోతే?"

 కోడలు పక్కన మట్టిలో కూర్చుని తల పట్టుకుంది. మామగారికి భూమి చీలి తనను కూడా వేళ్ళతో సహా లాక్కుంటే బాగుండుననిపించింది.

"ఈ పంట లెక్కలోకి రాదన్నమాట," అన్నాడు పెద్దాఫీసరు చివరికి.

"రాదు సార్."

"మొత్తం మూడు పంటల ఫలితాలు కావాలి. మన దగ్గర ఎన్నున్నాయి? రెండే. ఇది మూడోది. ఇది పోయింది." ఆయన లేచి అటూ ఇటూ నడవడం మొదలుపెట్టాడు. "అమ్మా, నేనసలు ఎందుకొచ్చానో తెలుసా? తెలియదు. ఈ పంటతో ప్రయోగం అయిపోతుంది, ఇంక ఈ పోస్టు అక్కర్లేదని చెప్పడానికొచ్చాను. స్టేషన్లో చెబ్దామనుకున్నా, నోరు రాలేదు. ఇక్కడ ఆ మడులు చూశాక, ఇంత మంచి మందు దొరికితే కలుపు మీద ఇంకే పోస్టూ అక్కర్లేదనుకున్నా."

కోడలు తలెత్తింది.

"ఇప్పుడు ప్రయోగం పూర్తయిందా? కాలేదు. వచ్చే పంటకి మళ్ళీ వేయాలి. వేస్తే మనిషి ఉండాలా? ఉండాలి. కొత్తమనిషిని తెస్తే నేర్చుకునేసరికే కోతలొస్తాయి."

"అంటే సార్..."

"అంటే మీరే. ఆ పైన ఇంకో ప్రయోగం మంజూరు చేయించే పూచీ నాది. మొహం కడుక్కోండి."

మామగారికి సగం అర్థమైంది. ఆ సగానికే ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కొడవలి అందుకోబోయాడు. కోడలు దాన్ని తన చెప్పుకింద తొక్కిపెట్టింది.

"మరి నాలుగు మడులు ఎలా పోయాయని పైవాళ్ళకి చెప్పాలి?" అన్నాడు పెద్దాఫీసరు. ఈసారి జవాబు తాను చెప్పుకోకుండా కోడలివైపు చూశాడు.

"పశువులు పడ్డాయని చెబ్దాం సార్."

"ఎన్ని?"

కోడలు మామగారివైపు చూడకుండా చెప్పింది. "ఒక్కటే సార్."

"ఒక్క పశువు వరుసకొక మడి చొప్పున ఏరుకుని తిందా?"

"ఊరికే కూర్చోలేని రకం సార్."

మామగారు దగ్గాడు. పెద్దాఫీసరు చాలాసేపు ఇంకోవైపు తిరిగి నిలబడ్డాడు. ఆయన భుజాలు మాత్రం కదులుతూ ఉన్నాయి.

పై కార్యాలయం ఆ సమాచారం అందుకుని, ఆ పశువు యజమాని ఎవరో కనిపెట్టి గట్టిగా హెచ్చరించవలసిందిగా ఆదేశించింది. ఆదివారం మొగుడు ఇంటికి రాగానే కోడలు ఆ ఆదేశాన్ని అమలుచేసింది.